జగద్విజేత లెందరు?

2025 సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీని అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున టెరెన్స్ క్రాఫర్డ్ అను ముష్టియోధుడు మెక్సికో దేశీయుడగు కనేలో అల్వారెజుతో పండ్రెండు రౌండ్లు పోరి జయించి, సూపర్ మిడిల్ వెయిటు తరగతిలో నాలుగు అధికార సంస్థల బెల్టులకును ఒక్కరాత్రిలో అధిపతి యయ్యెను. మూడు మాసములు నిండకమునుపే, డిసెంబరు మొదటి వారమున, ఆ నాలుగింటిలో నొకదానిని వరల్డ్ బాక్సింగ్ కౌన్సిలువారు వెనుకకు దీసికొనిరి. ఈ నడుమ ఆతని నోడించినవా డెవడు? ఎవడును లేడు. ఆతడు మరల బరిలోనికి దిగనే లేదు. పోటీని ఆమోదించినందుకు సంస్థకు చెల్లవలసిన రుసుము చెల్లలేదనునదియే కారణము. తమ నియమము ననుసరించియే చేసితిమని కౌన్సిలువారి వాదము. నియమ మట్లే యుండవచ్చును. కాని పిడికిలితో గెలిచిన బిరుదము పద్దు పుస్తకములో పోవుటకు వీలున్నప్పుడు, అసలా బిరుదము దేనికి గుర్తు అను ప్రశ్న పుట్టక మానదు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను మన సామెత సముద్రముల కావల కూడ చెల్లుచున్నది.

ముష్టియుద్ధపు వార్తలను చదువు మన పాఠకులలో పెక్కురకు ఈ సంస్థల పుట్టుపూర్వోత్తరములు తెలియవు. ఇవి ప్రభుత్వములు స్థాపించినవి కావు. ప్రపంచ ప్రజలు ఎన్నుకొన్నవియు కావు. 1921లో అమెరికాలోని కొన్ని రాష్ట్రముల బాక్సింగు కమిషనులు కలిసి నేషనల్ బాక్సింగ్ అసోసియేషను అను సంఘమును ఏర్పరచుకొన్నవి. అదియే 1962లో వరల్డ్ బాక్సింగ్ అసోసియేషనుగా పేరు మార్చుకొన్నది. మరుసటి సంవత్సరమే మెక్సికో నగరమున వరల్డ్ బాక్సింగ్ కౌన్సిలు పుట్టెను. అసోసియేషను అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిన రాబర్టు లీ అను అమెరికను 1983లో వేరుకుంపటి పెట్టగా అది ఇంటర్నేషనల్ బాక్సింగ్ ఫెడరేషను అయ్యెను. 1988లో పోర్టోరికోలో మరియొక చీలిక వచ్చి వరల్డ్ బాక్సింగ్ ఆర్గనైజేషను అను పేరు దాల్చెను. పేరులో ప్రపంచమునో అంతర్జాతీయమునో ధరింపని సంస్థ యొక్కటియు లేదు. ప్రపంచమంతయు ఒప్పుకొన్న సంస్థయు నొక్కటియు లేదు.

పూర్వము బరువు ననుసరించి ఎనిమిది తరగతులుండెడివి. తరగతి కొక్కడే విజేత. అనగా లోకమునకంతకును ఎనమండుగురు. నేడు తరగతులు పదునేడైనవి. నాలుగు సంస్థలును పదునేడింటికి వేరువేరుగా బెల్టు లిచ్చినచో లెక్క అరువది యెనిమిదికి వచ్చును. అంతటితో నాగినను కొంత మేలే. ఒకే సంస్థ ఒకే తరగతిలో ఒకని 'సూపర్ ఛాంపియ' ననియు, మరియొకని సామాన్య ఛాంపియ ననియు, వేరొకని తాత్కాలిక ఛాంపియ ననియు నిలిపిన దినములు కలవు. కౌన్సిలువారు 2009లో 'డైమండ్' బెల్టును, 2019లో 'ఫ్రాంచైజ్' ఛాంపియను అను క్రొత్త హోదాను సృష్టించిరి. జగద్విజేత లిందరైనప్పుడు జయింపబడిన జగత్తు లెన్ని యని అడుగవలసి యున్నది.

ఇట్లు బెల్టులు పెరుగుటకు కారణము గూఢమైనది కాదు. ఈ సంస్థలకు పన్నులు లేవు, చందాలు లేవు. బిరుదపు పోటీ జరిగినప్పుడెల్ల యోధుల పారితోషికమునుండి వచ్చు భాగమే, సాధారణముగా నూటికి మూడు వంతున, వీటికి ముఖ్యమైన జీవనాధారము. పోటీకి బిరుదము తగిలింపబడినగాని రుసుము రాదు. కావున బిరుదములు ఎన్ని యున్న రుసుము లన్ని. ఒక విజేత గాయపడి మంచమున బడినచో, సంవత్సరము పాటు రాబడి పోగొట్టుకొనుటకన్న తాత్కాలిక విజేత నొకని నిలుపుట లాభకరము. అసలు విజేత లేచివచ్చిన తరువాత ఇద్దరికిని మరల పోటీ పెట్టుట అంతకన్నను లాభకరము. బిరుదము నిచ్చువాడే ప్రతి బిరుదముపైనను సుంకము పుచ్చుకొనువా డైనప్పుడు, అది తక్కువగా నుండవలెనని కోరువా డెవడుండును?

అయినను, ఈ సంస్థల దోషములను చూచి, వీరు కాపాడుదుమని చెప్పుకొను మూలసూత్రమును గూడ త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. ఆ సూత్రము 'తప్పనిసరి ప్రత్యర్థి' అనునది. విజేత తనకిష్టమైనవారితో మాత్రమే పోరి కాలము గడుపరాదు; నియమిత కాలములో, తొమ్మిది మాసములలోనో సంవత్సరములోనో ఒకమారు, వరుసపట్టికలో ముందున్నవానితో పోరి తీరవలెను; పోరనొల్లనిచో బిరుదమును వదలుకొనవలెను. బేరము కుదరనిచో పోటీని జరుపు హక్కును వేలమునకు పెట్టుదురు. ఎక్కువ పాడినవారికి హక్కు చెందును. వచ్చిన సొమ్ము నియమిత నిష్పత్తిలో ఇద్దరికిని పంచబడును. ఇంతే నియమము. దీని విలువ తెలియవలెనన్న ఇది లేని కాలము నెరుగవలెను.

1908లో జాక్ జాన్సన్ అను నీగ్రోజాతి యోధుడు సిడ్నీ నగరమున టామీ బర్న్సును ఓడించి హెవీవెయిటు విజేత యయ్యెను. ఆ అవకాశము కొరకు ఆతడు బర్న్సును దేశదేశములు వెంబడింపవలసి వచ్చెను. జాన్సన్ పదవి పోయిన పిమ్మట ఇరువది యేండ్లకు పైగా మరియొక నల్లవానికి ఆ బిరుదమునకు పోరు అవకాశమే చిక్కలేదు. జాక్ డెంప్సీ 1919 మొదలు 1926 వరకు విజేతగా నుండెను. హారీ విల్స్ అను నల్లజాతి యోధుడు ఏండ్ల తరబడి ఆతని వాకిట నిలిచియుండెను. 1926లో న్యూయార్కు కమిషనువారు విల్సుతో పోరినగాని వేరొకరితో పోరరాదని పట్టుబట్టగా, నిర్వాహకులు పోటీని ఫిలడెల్ఫియాకు తరలించిరి. అచ్చట లక్ష యిరువదివేలమంది ప్రేక్షకుల యెదుట డెంప్సీ పోరినది విల్సుతో కాదు, జీన్ టన్నీతో. విల్సుకు ఆ దినము ఎన్నడును రాలేదు. ఇంతకన్న విచారకరమైన సంగతి మరియొకటి గలదు. తానే వెలివేయబడి బాధపడిన జాన్సన్, గద్దె నెక్కిన పిమ్మట, తన జాతివాడే యగు శామ్ లాంగ్‌ఫర్డునకు అవకాశ మీయలేదు. గద్దె నెక్కినవాని మంచితనముపై ఆధారపడిన న్యాయము న్యాయము కాదని చూపుటకు ఇంతకన్న నిదర్శన మేల?

తరువాతి కాలపు ఆర్చీ మూర్ కథయు నట్టిదే. ఏండ్ల కొలది తన తరగతిలో మేటియని పేరొందియు, నలువదవ యేటికి సమీపించువరకు అతనికి బిరుదపు పోటీ దొరకలేదు. 1952 డిసెంబరులో జోయీ మాక్సిముతో పోరి గెలిచిన నాడు ఓడిన మాక్సిమునకు లక్ష డాలర్లు ముట్టగా, గెలిచిన మూరునకు చేతికి వచ్చినది ఎనిమిది వందలు. తలుపు తట్టుటకే ఆతడు అంత మూల్యము చెల్లింపవలసి వచ్చెను.

కాలువ క్రింద సేద్యము చేయు మన రైతులకు ఈ విషయము వేరుగ చెప్పనక్కరలేదు. తూము ప్రక్కనున్న పొలమునకు వంతులతో పనిలేదు; నీరు దానంతట వచ్చును. కాలువ చివర నున్నవానికే వంతు కావలెను. వంతుల పట్టిక యున్ననే వాని చేను పండును. తప్పనిసరి ప్రత్యర్థి యను నియమము ముష్టియోధులలో కాలువ చివరివాని వంతు. నిర్వాహకుల అండ లేనివానికి, పెద్ద నగరముల ప్రేక్షకులు పేరెరుగనివానికి, ప్రమాదకరుడని విజేతలు తప్పించుకొను ఎడమచేతి వాటమువానికి ఇది యొక్కటే త్రోవ. ఉక్రెయిను దేశీయుడగు ఒలెక్సాండర్ ఉసిక్ ఆర్గనైజేషనువారి తప్పనిసరి ప్రత్యర్థిగా నిలిచియే 2021 సెప్టెంబరున లండనులో ఆంథొనీ జాషువాను ఎదుర్కొని ఓడించెను. బలిష్ఠుడును లక్షలమంది అభిమానులు కలవాడును నగు జాషువా, ఈ నియమము లేకున్నచో, అట్టి ప్రత్యర్థిని కోరి తెచ్చుకొనియుండునా యనుట సందేహమే. నియమము సరిగా నడచిన నాడు ఫల మిట్లుండును.

కాని వంతులు వేయు లష్కరే తూమునకింత యని పుచ్చుకొనుట మొదలు పెట్టినచో చివరి పొలము గతి యేమి? కంచే చేను మేసినచో కాపేమి చేయగలడు? నేటి దుస్థితి యదియే.

వరుసపట్టిక యెట్లు తయారగుచున్నదో ముందు చూతము. తప్పనిసరి ప్రత్యర్థి యెవడో నిర్ణయించునది ఆ పట్టికయే గదా! ఫెడరేషను స్థాపకుడగు రాబర్టు లీపై, నిర్వాహకుల వద్ద సొమ్ము గైకొని పట్టికలో యోధుల స్థానములను మార్చెనని 1999లో అమెరికా ప్రభుత్వము అభియోగము తెచ్చెను. విచారణలో ఒక ప్రసిద్ధ నిర్వాహకుడు, 1995లో జార్జి ఫోర్మనుకును జర్మను యోధుడగు ఆక్సెల్ షుల్ట్జునకును పోటీ ఆమోదింపజేయుటకై లక్ష డాలర్లిచ్చితినని ప్రమాణము చేసి చెప్పెను. 2000లో జూరీవారు లీని పెక్కు ఆరోపణలనుండి విడిచిపుచ్చినను, పన్ను ఎగవేయుట, అక్రమ ధనమును మరుగుపరచుట మొదలగు కొన్నింట దోషియని తేల్చిరి. మరుసటి యేట ఆతనికి 22 నెలల చెరసాల శిక్ష పడెను. ఫెడరేషను కొన్ని సంవత్సరముల పాటు న్యాయస్థానము నియమించిన పర్యవేక్షకుని క్రింద నుండవలసి వచ్చెను.

ఇది లంచపు కథ. అశ్రద్ధ కథ మరియొకటి గలదు. డారిన్ మారిస్ అను యోధుడు 2000 అక్టోబరులో మరణించెను. మరణించిన పిమ్మట ఆర్గనైజేషనువారి పట్టికలో ఆతని పేరు రెండుమారులు పైకి జరిగి ఐదవ స్థానమునకు చేరెను. 2001లో పత్రికలవారు బయటపెట్టువరకు సంస్థ గమనింపనే లేదు. బ్రతికియున్నవాడు నెలల కొలది చెమటోడ్చి ఒక్క మెట్టెక్కలేకుండగా చచ్చినవాడు రెండు మెట్లెక్కెను! నవ్వు వచ్చు సంగతియే. కాని ఆ పట్టికలో ఆరవ స్థానమున ఆగిపోయినవానికి, ఆ స్థానమునుబట్టి పోటీలును కూలియు దొరకవలసినవానికి, ఇది నవ్వులాట కాదు.

ఇక బిరుదమును ఊడబెరుకుటలో చూపు చిత్రములు చూడుడు. 1978 ఫిబ్రవరిలో లియాన్ స్పింక్స్ మహమ్మదాలీని ఓడించెను. ఆలీతో మరల పోరుటకు స్పింక్స్ ఒప్పుకొని, కెన్ నార్టనుతో పోరవలెనన్న ఆజ్ఞను పాటింపనందున, కౌన్సిలువారు ఆతని బిరుదమును దీసి నార్టనున కిచ్చిరి. వెనుకటి సంవత్సరము నవంబరులో నార్టను జిమ్మీ యంగును గెలిచిన పోటీయే బిరుదపు పోటీగా ఎంచబడెను. ఆ జూన్ నెలలోనే ఆతడు లారీ హోమ్సు చేతిలో ఓడెను. ఇట్లు ఒక్క బిరుదపు పోటీలోను గెలువకయే ఆతడు జగద్విజేతల జాబితాలో చేరెను.

2015 నవంబరు 28వ తేదీని టైసన్ ఫ్యూరీ, దాదాపు పదేండ్లు ఏలిన వ్లదిమీర్ క్లిచ్‌కోను ఓడించెను. పది దినములైన గడచెనో లేదో ఫెడరేషనువారు తమ బెల్టును దీసివేసిరి; క్లిచ్‌కోతో మరల పోరుటకు ఒడంబడిక యుండుటచే గ్లాజ్‌కోవ్ అను తప్పనిసరి ప్రత్యర్థితో వెంటనే పోర వీలుకాదనుటయే ఫ్యూరీ అపరాధము. ఖాళీయైన ఆ బెల్టుకై 2016 జనవరిలో గ్లాజ్‌కోవును చార్లెస్ మార్టినును పోరగా, మూడవ రౌండులో గ్లాజ్‌కోవ్ మోకాలు బెణికి నిలువలేకపోయెను. మార్టిన్ విజేత యయ్యెను. ఏప్రిలులో జాషువా ఆతనిని రెండవ రౌండులోనే పడగొట్టెను. క్లిచ్‌కోను ఓడించినవాడు బెల్టు లేక నిలిచెను; మోకాలు బెణికినవాని యెదుట నిలిచియున్నవాడు బెల్టు ధరించెను. పేరు గొప్ప, ఊరు దిబ్బ యనుట ఇదియే.

నియమమును ఎవరికి వారుగా నలుగురు నడపుటచే కలుగు చిక్కు ఇందు స్పష్టము. నాలుగు బెల్టులు గలవానికి నాలుగు సంస్థలనుండి నలుగురు తప్పనిసరి ప్రత్యర్థులు వత్తురు. శరీరమునకు దెబ్బలు తగులు ఈ విద్యలో అగ్రశ్రేణి యోధుడు సంవత్సరమునకు రెండుమారులకు మించి పోరుట అరుదు. కావున అందరి బెల్టులను గెలిచి ఏకచ్ఛత్రాధిపత్యము వహించిన మరునాటినుండియే ఆతని రాజ్యము చీలుట కారంభించును. ఉసిక్ 2024 మే నెలలో ఫ్యూరీని ఓడించి, హెవీవెయిటులో నాలుగు బెల్టులను కలిపిన మొదటివా డయ్యెను. 1999లో లెనాక్స్ లూయిస్ నాడున్న మూడు ముఖ్యపు బెల్టులను కలిపిన పిమ్మట అట్టి ఏకైక విజేత ఆతడే. జూన్ నెల ముగియకమునుపే ఆతడు ఫెడరేషను బెల్టును విడువవలసి వచ్చెను. పాతికేండ్లకు కుదిరిన ఐక్యము ఆరువారములైనను నిలువలేదు. మరల 2025 జూలైలో డేనియల్ డుబాయిసును ఓడించి ఆ బెల్టును తిరిగి గెలుచుకొనవలసి వచ్చెను.

మాటకు కట్టుబడుట విషయమున కూడ ఈ సంస్థల నడత కీర్తికరముగా లేదు. 1998 మార్చిలో జర్మను యోధుడగు గ్రాసియానో రోక్కిజియాని, ఖాళీగానున్న కౌన్సిలు బిరుదమునకై మైకేల్ నన్నుతో పోరి గెలిచెను. తరువాత రాయ్ జోన్సునకే ఆ బిరుదమును మరల కట్టబెట్టదలచి, నీవు గెలిచినది తాత్కాలిక బిరుదము మాత్రమే, పట్టికలో వేరుగ నుండుట అచ్చు పొరపాటు అని కౌన్సిలువారు రోక్కిజియానితో చెప్పిరి. ఆతడు న్యూయార్కు న్యాయస్థానమున కెక్కగా, 2002లో మూడు కోట్ల డాలర్లకు పైబడి పరిహారమీయవలెనని తీర్పు వచ్చెను. కౌన్సిలు దివాలా అర్జీ పెట్టుకొని, 2004లో రాజీపడి బ్రతుకవలసిన దయ్యెను. ఒక్క యోధునికిచ్చిన మాట తప్పుట ఎంత ఖరీదైన పనియో అప్పుడు తెలిసెను. కాని అంతటి వ్యాజ్యము నడపగల స్తోమతు ఎందరు యోధులకుండును?

అధికారమునకు మ్రొక్కుటలో మాత్రము ఈ సంస్థలు వెనుదీయలేదు. 1967 ఏప్రిలు 28వ తేదీని మహమ్మదాలీ వియత్నాము యుద్ధమునకై సైన్యమున చేరనని నిరాకరింపగా, న్యాయస్థానము విచారింపకముందే అసోసియేషనువారును న్యూయార్కు కమిషనువారును ఆతని బిరుదమును హరించిరి. 1971లో అమెరికా సుప్రీముకోర్టు ఆతని శిక్షను కొట్టివేసెను. ఆతని యౌవనములోని మూడేండ్లకు పైగా కాలమును ఏ కోర్టు తిరిగి యీయగలదు?

ఈ సంస్థలవలన మేలే లేదనుట న్యాయము గాదు. 1982 నవంబరులో కొరియా యోధుడగు కిమ్ డుక్ కూ బరిలో తగిలిన దెబ్బలచే మరణింపగా, బిరుదపు పోటీలను పదునైదు రౌండ్లనుండి పండ్రెండునకు తగ్గించుటలో కౌన్సిలు ముందంజ వేసెను. తక్కినవారు పిదప అనుసరించిరి. చిన్న దేశముల యోధులకు ప్రాంతీయ బెల్టుల ద్వారమున పేరు వచ్చుటయు నిజమే. ఇట్టి సేవకు కొంత రుసుము ఉండుట తప్పని మేమనము. తీర్పరి కూడ తిని బ్రతుకవలెను. కాని ఎవరు ముందు, ఎవరు వెనుక యని నిర్ణయించు కలము, ఆ నిర్ణయమువలన వచ్చు సొమ్మును లెక్కించు చేయి, ఒక్కరివే యై యుండరాదు.

ఈ అవ్యవస్థను చూచి విసిగినవారు ఇప్పుడు మరియొక చికిత్సను సూచించుచున్నారు. సంస్థలన్నింటిని ప్రక్కకు నెట్టి, పోటీలు జరుపు పెద్ద సంస్థయే తన యోధులకు తానే పట్టికలు వేసి తన బెల్టులను తానే ఇచ్చుకొనుట మేలని వీరి వాదము. అట్టి ఏర్పాటునకు వీలుకల్పించు బిల్లు 2025లో అమెరికా కాంగ్రెసున ప్రవేశపెట్టబడెను. ఒక్కడే విజేత యుండును, చిక్కులుండవు, ప్రేక్షకులకు సులభముగా బోధపడును అని చెప్పుచున్నారు. నిజమే, ఒక్కడే భూస్వామి యున్న గ్రామమున సరిహద్దు తగవు లుండవు! కాని ఈ మందు క్రొత్తది కాదు. 1949లో అమెరికాలో స్థాపింపబడిన ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్బు పెద్ద పోటీలలో అత్యధిక భాగమును గుప్పిట బెట్టుకొని, తమతో ఒడంబడిక చేసికొననివానికి బిరుదపు త్రోవ మూసివేసెను. గుత్తవ్యాపార నిషేధ చట్టము క్రింద సుప్రీముకోర్టు 1959లో దానిని రద్దుచేయుటను స్థిరపరచెను. ఆ కాలపు చీకటి బజారు ఎట్టిదో జేక్ లమోటా యను యోధుడు 1960లో సెనేటు ఉపసంఘము నెదుట చెప్పెను: బిరుదమునకు పోరు అవకాశము దొరకుటకై, 1947లో తాను బిల్లీ ఫాక్సు చేతిలో కావలెనని ఓడిపోయితి ననెను. గెలుచుటకు హక్కు సంపాదింపవలెనన్న ముందు ఓడవలెను! ఏకస్వామ్యమున బిరుదమునకు పట్టిన గతి యది. నలుగురు లష్కరుల దోపిడికి మందు కాలువనే ఒక్క భూస్వామికి వ్రాసియిచ్చుట కానేరదు.

పత్రికలిచ్చు బెల్టులే శరణ్యమను వాదమును గూడ మేము జాగ్రత్తగా చూచెదము. 1922లో నాట్ ఫ్లీషర్ స్థాపించిన 'ది రింగ్' పత్రిక రుసుము లేకుండ బెల్టు లిచ్చి గౌరవము గడించినది. కాని 1977లో అమెరికాలో జరిగిన ఒక పోటీపరంపరకై ఆ పత్రిక సమకూర్చిన వివరములలో కొందరు యోధుల విజయముల లెక్కలు కల్పితములని తేలెను. 2024లో ఆ పత్రికయే పోటీలు జరుపు సౌదీ అధికారి చేతికి వచ్చెను. కావున పేరునుబట్టి గాక ఏర్పాటునుబట్టియే నమ్మకము నిలుపుకొనవలెను.

కావలసిన ఏర్పాటు దుర్లభమైనది కాదు. పట్టికలు వేయువారు రుసుములనుండి జీతము పుచ్చుకొనరాదు. ప్రతి మార్పునకును కారణము బహిరంగముగ ప్రకటింపవలెను. 2000 సంవత్సరమున మహమ్మదాలీ పేర వెలసిన అమెరికా చట్టము ఇట్టి నియమములనే విధించినది. కాని చట్టము పుస్తకమున నున్నంత గట్టిగా ఆచరణమున లేదు. తప్పనిసరి ప్రత్యర్థిని కాగితముపై గాక, పట్టికలో ముందున్న ఇద్దరికి పోటీ పెట్టి తేల్చవలెను. ఒక తరగతికి ఒక సంస్థనుండి ఒక్క విజేతయే యుండవలెను. నాలుగు బెల్టులను కలిపినవానికి నలుగురు ఏకకాలమున నోటీసు లీయక, తమలో వంతు నిర్ణయించుకొని దానిని నమ్మకముగ పాటింపవలెను. రుసుము బాకీయున్నచో అప్పువలె రాబట్టుకొనవలెనేగాని బిరుదమును జప్తు చేయరాదు. పొలము శిస్తు బాకీపడినచో వేలము వేయవచ్చునేమో. విజయము జప్తునకు లోబడు ఆస్తి కాదు.

ఇది యెంతయో దూరదేశముల ముచ్చట, మన కేల యని కొంద రనవచ్చును. 2016 జూలైలో ఢిల్లీ నగరమున విజేందర్ సింగు ఆర్గనైజేషనువారి ఆసియా పసిఫిక్ బిరుదమును గెలిచిన నాడు దేశమంతట హర్షము వెల్లివిరిసెను. హర్షింపదగినదే. అది ప్రపంచ బిరుదము కాదు, దానికి చేరు నిచ్చెనలో నొక మెట్టు. మెట్టును మెట్టుగా ఎరిగి మెచ్చుకొనుట యోధునికి గౌరవము; మేడయని భ్రమించుట ఆతనికిని మనకును మేలు చేయదు. బెల్టును చూచి చప్పట్లు కొట్టుటకు ముందు, ఎవరిని ఓడించి గెలిచెనని అడుగు అలవాటు మన పత్రికలకును ప్రేక్షకులకును కావలెను.

ఇంతకన్న ముఖ్యమైన పాఠము మన తెలుగు గడ్డనుండియే వచ్చినది. టోక్యో ఒలింపిక్ అర్హత పోటీలకు 51 కిలోల తరగతిలో ఎవరిని పంపవలెనను ప్రశ్న 2019లో వచ్చినప్పుడు, ఆరుమారులు ప్రపంచ విజేతయైన శ్రీమతి మేరీ కోమ్‌ను పరీక్షపోటీ లేకుండగనే పంపుట కధికారులు మొగ్గుచూపిరి. నిజామాబాదు పడుచు కుమారి నిఖత్ జరీన్ తనకు న్యాయమైన పోటీ పెట్టవలెనని క్రీడామంత్రికి బహిరంగముగ లేఖ వ్రాసెను. కొందరికి అది సాహసముగను, పెద్దల యెడ అవిధేయతగను తోచెను. తుదకు డిసెంబరు 28వ తేదీని ఢిల్లీలో పోటీ జరుగగా శ్రీమతి మేరీ కోమ్ 9-1 తేడాతో గెలిచెను. ఓడినను కుమారి జరీన్ అడిగినది ఆమెకు దొరకినది. ఆమె అడిగినది విజయము కాదు, వంతు. గెలిచిన శ్రీమతి మేరీ కోమ్ కీర్తికి కొరత రాలేదు సరిగదా, పట్టికపై కాక బరిలో గెలిచితి నని చెప్పుకొను గౌరవము అధికముగ దక్కెను. 2022 మే నెలలో ఇస్తాంబులులో కుమారి జరీన్ ప్రపంచ విజేత యయ్యెను. మరుసటి యేట ఢిల్లీలో మరల గెలిచెను.

తప్పనిసరి ప్రత్యర్థి యను మాటకు అసలు అర్థ మిదియే. అది సంస్థలు దయతలచి ఇచ్చు బహుమానము కాదు, అమ్ముకొను సరుకును కాదు. శ్రమించి ముందుకు వచ్చినవాని హక్కు. ఆ హక్కును నిజాయితీతో కాపాడుచోట బెల్టుకు బంగారము లేకున్నను విలువ యుండును. 1992 డిసెంబరులో రిడ్డిక్ బో యను హెవీవెయిటు విజేత, లెనాక్స్ లూయిస్‌తో పోరవలెనన్న కౌన్సిలు ఆజ్ఞను ధిక్కరించి, పత్రికలవారి యెదుట వారి బెల్టును చెత్తకుండీలో పారవేసెను. న్యాయమైన ప్రత్యర్థిని తప్పించుకొన్న ఆ విజేతను మేము మెచ్చము. కాని అట్లు పారవేయుటకు ఒకనికి చేయి వచ్చునంతగా తమ బెల్టును చులకన చేసికొన్న సంస్థలు ఆ కుండీలో పడిన దేమో యోచింపవలసి యున్నది. దానిని వెదకి తీసి కడుగగలవారు వారే. వారు కడుగనిచో, విజేత యెవడని బెల్టు నడుగుట మాని, ఎవ డెవనిని ఓడించెనని అడిగి తెలిసికొనుట ప్రేక్షకుల వంతు.